ఐర్లండ్‌లో మొదటి క్రిస్మస్: 24 రాత్రి కిటికీలో దీపం, 26 నుంచి ఇరుగుపొరుగు

ఈ ఆగస్టులో వరంగల్ నుంచి లిమరిక్ వచ్చిన ఒక చెల్లెమ్మ అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది. "ఇక్కడ మాకిది మొదటి క్రిస్మస్. మేం హిందువులం. పిల్లలకి తొమ్మిదేళ్ళు, నాలుగేళ్ళు. ఐరిష్ వాళ్ళలాగే ఇంట్లో చేసుకుందామని ఒకటే గోల. పక్కింటి పెద్దావిడ 'క్రిస్మస్‌కి కాల్ ఇన్ అవ్వండి' అంది. ఫోన్ చేయమనా, 25న భోజనానికి రమ్మనా? మా అత్తగారు శాకాహారి, మా ఆయన బీఫ్, పోర్క్ ముట్టరు. ఏం చేయాలి, ఏం చేయకూడదు?"

ముందు సూటిగా చెప్పేస్తాను. చేసుకోండి. మీరు క్రైస్తవులు కాదని ఇక్కడెవరూ వేలెత్తి చూపరు, సంతోషిస్తారు. 24న చీకటి పడగానే వీధి వైపు కిటికీలో దీపం పెట్టి మీ చిన్నదాని చేత వెలిగించండి. 25న ఎవరింటికీ వెళ్ళకండి, మీ ఇంట్లో మీరు ఉండండి. 26 నుంచి ఇరుగుపొరుగుని కలవండి. చెట్టు, అలంకరణలు జనవరి 6 దాకా ఉంచండి. "కాల్ ఇన్" అంటే ఫోన్ కాదు, ఇంటికి ఒకసారి వచ్చి కూర్చుని టీ తాగి వెళ్ళమని. "ఓవర్ ద క్రిస్మస్" అన్నా, "క్రిస్మస్‌కి" అన్నా ఆవిడ ఉద్దేశం 26 నుంచి జనవరి మొదటి వారం లోపు ఏదో ఒక రోజని. డిన్నర్‌కి పిలిచేవాళ్ళు "25న మాతో భోంచేయండి" అని టైముతో సహా చెబుతారు. అలా పిలిచారంటే మిమ్మల్ని సొంతవాళ్ళలో కలుపుకున్నట్టే.

నాది గుంటూరు దగ్గర పల్లె, లూథరన్ కుటుంబం. 2006లో నర్సుగా ఇక్కడి కార్క్ నగరానికి వచ్చాను. అప్పటినుంచీ ఇక్కడి క్రిస్మస్‌లు సగం వార్డులో, సగం ఇంట్లో గడిచాయి. మా ఊళ్ళో క్రిస్మస్ అంటే ఇంటికి సున్నాలు, వెదురుబద్దల నక్షత్రం, అర్ధరాత్రి డప్పులతో ఇంటింటికీ వచ్చే కేరల్స్ బృందం, తెల్లారాక ఊరంతా పంచే అరిసెలు. అంతా వీధిలోనే. ఇక్కడ పండగ ఇంట్లో ఉంటుంది. ఈ తేడా అర్థం కావడానికి నాకు రెండేళ్ళు పట్టింది. రెండో ఏడాది 25 పొద్దున్నే అలవాటుకొద్దీ పళ్ళెం నిండా పిండివంటలు పెట్టుకుని వీధంతా తలుపులు తట్టాను. పైజామాల్లో వచ్చి తలుపు తీశారు పాపం, నవ్వుతూనే తీసుకున్నారు. వాళ్ళ బహుమతులు విప్పే వేళ అదని తర్వాత తెలిసింది.

కిటికీలో దీపం

మీరు ఒక్కటంటే ఒక్కటే చేయగలిగితే ఇది చేయండి. మిగతావన్నీ, చెట్టూ కేకూ శాంటా, ఏ దేశంలోనైనా దొరుకుతాయి. ఇది మాత్రం ఐరిష్ వాళ్ళది.

డిసెంబర్ 24 రాత్రి, యేసు పుట్టే ముందు, ఆయన తల్లిదండ్రులు మరియ, యోసేపులకు సత్రంలో చోటు దొరకలేదు కదా, 'మా ఇంట్లో చోటుంది' అని చెప్పడానికి కిటికీలో పెద్ద కొవ్వొత్తి వెలిగించేవాళ్ళు. వెలిగించే హక్కు ఇంట్లో అందరికన్నా చిన్నవాళ్ళది. పాత రోజుల్లో రాత్రి భోజనం అయ్యాక బల్ల తుడిచి, ఎండుద్రాక్ష వేసిన రొట్టె, జగ్గు నిండా పాలు పెట్టి, తలుపు గడియ వేయకుండా పడుకునేవాళ్ళట. కార్క్‌లో మా వీధిలో ఎనభై దాటిన ఒక పెద్దావిడ ఉండేది, తన చిన్నప్పుడు ఇలాగే చేసేవాళ్ళని చెప్పింది. ఆ దీపానికి ఇంకో కథ కూడా ఉంది. ఇంగ్లీషు పాలకులు కేథలిక్కుల మీద ఆంక్షలు పెట్టిన రోజుల్లో, పదిహేడో శతాబ్దం చివరినుంచి పద్దెనిమిదో శతాబ్దమంతా, దాక్కుని తిరిగే ఫాదరీలకు 'ఈ ఇల్లు క్షేమం, లోపలికొచ్చి పూజ చెప్పొచ్చు' అనే గుర్తు కూడా ఇదేనంటారు. సైనికులు అడిగితే మరియ కోసం పెట్టామనేవాళ్ళట.

1990లో మేరీ రాబిన్సన్ రాష్ట్రపతి అయ్యాక డబ్లిన్‌లో రాష్ట్రపతి భవనం వంటింటి కిటికీలో ఒక దీపం పెట్టించింది. బతుకుతెరువు కోసం దేశం విడిచిపోయిన ఐరిష్ వాళ్ళ కోసమని. బంగాళదుంప కరువు నాటినుంచి ఇంటికొకరు చొప్పున ఓడలెక్కిన దేశం ఇది. దూరంగా ఉన్న బిడ్డ కోసం దీపం పెట్టడమంటే ఏమిటో వీళ్ళకి బాగా తెలుసు. అందుకే ఆ పెద్దావిడ మా మొదటి క్రిస్మస్‌కి ఒక ఎర్ర కొవ్వొత్తి తెచ్చి నా చేతిలో పెట్టి, "ఇది మీ అమ్మకి కనబడేలా పెట్టుకో" అంది. అప్పటికి మా అమ్మని చూసి ఎన్నో నెలలైంది. నేను వంటింట్లోకి వెళ్ళి ఏడ్చాను. ఆవిడ ఇప్పుడు లేదు. ఏటా మొదటి కొవ్వొత్తి ఆవిడ పేరునే వెలిగిస్తాం.

దీపం పెట్టే ఇల్లు మనది, ఎక్కడో దీపం ముందు ఎదురుచూసే అమ్మా మనదే. మీరు హిందువులు కాబట్టి పిల్లలకి ఇది ఇంకా సులువుగా ఎక్కుతుంది. కార్తీకమాసంలో గడప దగ్గర దీపం పెట్టే చేతులకి కిటికీలో దీపం కొత్తేమీ కాదు.

జాగ్రత్త మాత్రం తప్పదు. కర్టెన్ల దగ్గర నిజం కొవ్వొత్తి వద్దు. నేను బ్యాటరీది వాడతాను. నిజందే కావాలనుకుంటే వెడల్పాటి పళ్ళెంలో నీళ్ళు పోసి మధ్యలో నిలబెట్టండి, పడుకునే ముందు ఆర్పేయండి. కిటికీలో పెట్టే ఏడు బల్బుల త్రికోణం స్టాండు సూపర్‌మార్కెట్లలో నవంబర్ నుంచే దొరుకుతుంది, చాలా ఇళ్ళలో ఇప్పుడు అదే.

25న అన్నీ మూతే, నిజంగా అన్నీ

ఇది తేలిగ్గా తీసుకోకండి. 25న బస్సులు ఉండవు, రైళ్ళు ఉండవు, డబ్లిన్ విమానాశ్రయం కూడా మూసేస్తారు. పబ్బులు సైతం చట్టప్రకారం మూత. 24 సాయంత్రం అయిదారుకల్లా దుకాణాలు కట్టేస్తారు. పాలు, పెరుగు, పిల్లల జ్వరం మందు 23కల్లా ఇంట్లో ఉండాలి. 26న బస్సులు, రైళ్ళు చాలా తక్కువ, ముందే చూసుకోండి.

నా మొదటి క్రిస్మస్‌కి పొద్దుటి డ్యూటీ వేశారు. బస్సు ఉండదని నాకెవరూ చెప్పలేదు, అడగాలని నాకూ తట్టలేదు. డిసెంబర్‌లో ఎనిమిదిన్నర దాటితే గానీ తెల్లారదు. ఏడింటికి ఆ చీకట్లో, వానలో, ఖాళీ బస్టాపులో అరగంట నిలబడ్డాను. కారులో పోతున్న ఒక పెద్దాయన ఆగి, "అమ్మాయ్, ఇవాళ బస్సు రాదు" అని ఆసుపత్రి గేటు దాకా దించాడు. మీ ఇంట్లో ఎవరికైనా ఆ రోజు డ్యూటీ ఉంటే ఇప్పుడే టాక్సీ మాట్లాడి పెట్టుకోండి, లేదా కారున్న సహోద్యోగిని అడగండి.

మంచు పడుతుందని పిల్లలకి ఆశపెట్టకండి. చాలా ఏళ్ళు వానే. సాయంత్రం నాలుగు, నాలుగున్నరకే పొద్దుగూకుతుంది. దీపాలు అంత అందంగా ఉండేది ఆ చీకటి వల్లనే.

తిండి: మీ ఇంటికి ముఖ్యమైన సంగతులు

25 భోజనం మధ్యాహ్నం రెండు, నాలుగు మధ్య. టర్కీ కోడి, హామ్ (పంది మాంసం) రెండూ ఉంటాయి. వాటితో బ్రెడ్ ముక్కలు, ఉల్లిపాయ, వెన్నతో చేసే స్టఫింగ్, వేయించిన బంగాళదుంపలు, మెత్తగా మెదిపిన బంగాళదుంపలు (అవును, రెండు రకాలూ), క్యారెట్, పార్స్‌నిప్, బ్రసెల్స్ స్ప్రౌట్స్, గ్రేవీ. కార్క్ వైపు స్పైస్డ్ బీఫ్ కూడా. ఉప్పు, లవంగం, మిరియం, ఆల్‌స్పైస్ పట్టించి రోజుల తరబడి ఊరబెట్టి, ఉడికించి, చల్లారాక పల్చగా కోస్తారు. ఒకప్పుడు కార్క్ రేవునుంచి ఓడలకెక్కిన ఉప్పుమాంసం వ్యాపారం మిగిల్చిన రుచి అది.

మీ వారికీ అత్తగారికీ ఇబ్బంది పెట్టేవి కంటికి కనబడే మాంసాలు కావు. తీపి వంటకాల్లో, కూరల్లో దాక్కున్నవి:

సూయెట్. క్రిస్మస్ పుడ్డింగ్‌లో, మిన్స్‌పైల లోపలి తీపి మిశ్రమంలో సంప్రదాయంగా వేసేది గొడ్డు కొవ్వు. పేరులో మిన్స్ (కీమా) ఉన్నా ఇప్పుడు మాంసం ఉండదు, ఎండుద్రాక్ష, ఆపిల్, మసాలాలే. కొవ్వు మాత్రం ఉండొచ్చు. డబ్బా మీద 'వెజిటబుల్ సూయెట్' అని గానీ, 'శాకాహారులకు తగినది' అని గానీ ఉంటేనే కొనండి. దుకాణాల్లో చాలా రకాలు అలాంటివే, కానీ చదవకుండా బుట్టలో వేయకండి.

బంగాళదుంపలు. పండగకి బాతు కొవ్వులో వేయించే ఇళ్ళు చాలా ఉన్నాయి. ట్రైఫిల్ అనే పొరల తీపి వంటకంలో జెల్లీకి జెలటిన్ వాడతారు, అది జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసేది. గ్రేవీ ఎటూ మాంసం రసమే.

మందు. కేక్, పుడ్డింగ్, ట్రైఫిల్, వీటిలో విస్కీ, బ్రాందీ, షెర్రీ ఏదో ఒకటి ఉంటుంది. అసలు ఐరిష్ క్రిస్మస్ కేక్ అక్టోబర్‌లోనే కాలుస్తారు. ఎండుపళ్ళు రాత్రంతా విస్కీలో నానబెట్టి, తక్కువ మంట మీద మూడు నాలుగు గంటలు కాల్చి, కాగితంలో చుట్టి, వారం పది రోజులకొకసారి పుల్లతో గుచ్చి చెంచాడు విస్కీ పోస్తారు. "కేక్‌కి తినిపించడం" అంటారు దాన్ని. పండగ ముందు బాదం ముద్ద, పైన తెల్ల ఐసింగ్. ఇంట్లో చేస్తే విస్కీ బదులు నారింజ రసంలోనో, చిక్కటి టీలోనో నానబెట్టండి, నేను రెండూ చేశాను. రుచి బావుంటుంది కానీ నెలలు నిలవుండదు, పండగకి వారం ముందు చేసుకోవాలి.

ఎవరింటికి వెళ్ళినా "ఇది మేం తినం" అని ముందే చెప్పేయండి. మొహమాటపడి అక్కడ పళ్ళెం ముందు కూర్చుని చెబితే పిలిచినావిడ ఎంతో నొచ్చుకుంటుంది. ముందు చెబితే ఆవిడే వేరే గిన్నె పెడుతుంది.

మీ ఇంట్లో ఎలా అంటారా? మా ఇంట్లో కోడిని స్టఫింగ్‌తో కాలుస్తాం, ఎందుకంటే నలుగురికి టర్కీ నాలుగు రోజులొస్తుంది. బంగాళదుంపలు నూనెలోనే, ఉడికించాక గిన్నె మూతపెట్టి బాగా కుదిపి, అంచులు గరుకయ్యాక వేడి నూనెలో వేసి ఓవెన్‌లో పెట్టండి. అత్తగారికి అదే స్టఫింగ్ వెన్న, ఉల్లి, థైమ్ ఆకుతో విడిగా కాల్చిపెట్టండి. పక్కన పులిహోర కలుపుకోండి. ఐరిష్ వాళ్ళే టర్కీ పక్కన లసాన్యా పెట్టుకుంటున్నారీ రోజుల్లో, మీ పులిహోరకి ఏ అడ్డూ లేదు. బల్ల మీద క్రాకర్లు మాత్రం తప్పకుండా పెట్టండి. చెరో వైపు పట్టుకుని లాగితే టప్‌మని పేలి కాగితం కిరీటం బయటపడుతుంది. అత్తగారికి ఆ కిరీటం పెట్టి ఫోటో తీయండి.

పక్కింటికి ఎప్పుడు, ఏం పట్టుకుని

27 లేదా 28, మధ్యాహ్నం మూడింటికి. పొద్దున్నే "ఇవాళ కాసేపు రావచ్చా" అని మెసేజ్ పెట్టండి. ఒట్టి చేతులతో వెళ్ళకండి. బిస్కెట్ల డబ్బా చాలు, ఇంట్లో చేసిందైతే ఇంకా మంచిది. నా అనుభవంలో వీళ్ళకి బాగా నచ్చేది కజ్జికాయ. ఆకారం, లోపలి తీపి, అంతా వాళ్ళ మిన్స్‌పైకి చుట్టంలా ఉంటుంది. జీడిపప్పు, నువ్వులు వేస్తే మాత్రం అడిగి ఇవ్వండి, అలర్జీలు ఎక్కువ.

టీ ఇస్తామంటే మొదటిసారి వద్దనడం, రెండోసారి "మీకెందుకు శ్రమ" అనడం, మూడోసారి ఒప్పుకోవడం, ఇది మనకెంత సహజమో వాళ్ళకీ అంతే. కాబట్టి మీ ఇంటికి వచ్చినప్పుడు వాళ్ళు వద్దంటే అక్కడితో వదిలేయకండి, ఇంకో రెండుసార్లు అడగండి. శుభాకాంక్షలు "హ్యాపీ క్రిస్మస్" అనండి, ఇక్కడ మెర్రీ కన్నా అదే ఎక్కువ. ఐరిష్ భాషలో ఒక్కరితో "నొల్లిగ్ హొనా డిట్", పలువురితో "నొల్లిగ్ హొనా డీవ్". మీ తొమ్మిదేళ్ళవాడికి బళ్ళో నేర్పే ఉంటారు, వాడినే అడగండి. ఉచ్చారణ నా కన్నా వాడికే బాగా వస్తుంది.

ఇంకొకటి. క్రిస్మస్ ముందు వారంలో సమాధుల దగ్గరికి హోలీ అనే ముళ్ళంచు ఆకుల మొక్కతో అల్లిన చక్రం తీసుకెళ్ళడం ఇక్కడ పెద్ద ఆచారం. మీ పక్కింటావిడ భర్త ఈ మధ్యే పోయారని మీరు రాసిన వివరంలో ఉంది. కారుంటే "సమాధి దగ్గరికి తీసుకెళ్ళమంటారా" అని అడగండి. బిస్కెట్ల డబ్బా కన్నా ఆవిడకి అదే ఎక్కువ.

పిల్లల సంగతి

ఇక్కడి పిల్లలకి శాంటా "శాంటీ". ఉత్తరం రాయించి పోస్టులో వేయండి, మీ చిరునామా స్పష్టంగా రాస్తే ఇక్కడి తపాలా సంస్థ ఆన్ పోస్ట్ నుంచి జవాబొస్తుంది. డిసెంబర్ మొదట్లోనే వేయాలి. నవంబర్ చివర్లోనో, డిసెంబర్ మొదట్లోనో ఒక శుక్రవారం రాత్రి టీవీలో టాయ్ షో అనే పిల్లల బొమ్మల కార్యక్రమం వస్తుంది, 1975 నుంచీ ఉంది. దేశంలో పిల్లలంతా పైజామాలేసుకుని మేలుకునే రాత్రి అది, సోమవారం బళ్ళో మాటలన్నీ దాని గురించే. 24 రాత్రి శాంటీకి మిన్స్‌పై, గ్లాసు పాలు (కొన్ని ఇళ్ళలో గిన్నిస్ బీరు సీసా), రెయిన్‌డీర్‌కి క్యారెట్ పెడతారు.

మీ పెద్దవాడికి శాంటా నిజం తెలిసి ఉంటే, బళ్ళో ఆ మాట అనొద్దని గట్టిగా చెప్పండి. మా అబ్బాయి రెండో తరగతిలో "శాంటా లేడు, మా అమ్మే కొంటుంది" అని క్లాసులో అనేశాడు. ఇద్దరు పిల్లలు ఏడ్చుకుంటూ ఇంటికెళ్ళారు, నేను వాళ్ళ అమ్మల ముందు తలవంచుకుని క్షమాపణ చెప్పాను.

26: రెన్ డే

ఇక్కడ దీన్ని బాక్సింగ్ డే అనరు, సెయింట్ స్టీఫెన్స్ డే అంటారు. మీరున్న లిమరిక్‌లో ఆ రోజు గుర్రప్పందేలు. కానీ కారుంటే కెర్రీ జిల్లాలో డింగల్ ఊరికి వెళ్ళండి, రెండు గంటల దారి. గడ్డితో నేసిన దుస్తులు, ముసుగులు వేసుకుని, డప్పులు, పిల్లనగ్రోవులతో వీధుల్లో తిరుగుతారు. క్రీస్తు కోసం ప్రాణమిచ్చిన తొలి భక్తుడు స్టీఫెన్ శత్రువులకు దొరక్కుండా దాక్కుంటే, రెన్ అనే చిట్టి పిట్ట తన కూతతో పట్టిచ్చిందని కథ. ఒకప్పుడు నిజంగానే ఆ పిట్టను వేటాడి కర్రకు కట్టి, ఇంటింటా డబ్బులడిగేవాళ్ళు. ఇప్పుడు బొమ్మ పిట్ట, వచ్చిన డబ్బు దానధర్మాలకి. మొదటిసారి ఆ డప్పులు విన్నప్పుడు మా ఊళ్ళో సంక్రాంతి పగటివేషాలు ఎదురొచ్చినట్టనిపించింది నాకు. మీ అత్తగారిని తప్పక తీసుకెళ్ళండి, ఆవిడకి ఒక్క మాట అనువాదం చేయాల్సిన పనుండదు.

జనవరి 6 దాకా

31తో పండగ అయిపోయిందనుకోకండి. జనవరి 6 "నొల్లిగ్ నా మాన్", ఆడవాళ్ళ క్రిస్మస్. కార్క్, కెర్రీల్లో ఎప్పుడూ పోకుండా నిలిచింది, ఇప్పుడు మిగతా చోట్లా చేస్తున్నారు. పన్నెండు రోజులు వండి వడ్డించిన ఆడవాళ్ళకి ఆ రోజు సెలవు. ఇంటిపని మగవాళ్ళది, ఆడవాళ్ళంతా కలిసి టీకో భోజనానికో బయటికెళతారు. మా వార్డు నర్సులం, ఐరిష్, మలయాళీ, ఫిలిప్పీన్, తెలుగు, పన్నెండేళ్ళుగా ఆ సాయంత్రం ఒకే హోటల్లో కూర్చుంటున్నాం. అలంకరణలు తీసేది కూడా ఆ రోజే. ముందు తీసినా, దాటాక ఉంచినా అరిష్టమంటారు.

మీ పక్కింటావిడని, అత్తగారిని తీసుకుని మీరూ వెళ్ళండి. చెట్టు దించడం, బొమ్మలు పెట్టెలో సర్దడం, రాత్రి వంట, అన్నీ మీ వారికీ పెద్దవాడికీ అప్పగించండి. అత్తగారు "వాడికేం వచ్చు, నేను చేస్తాలే" అంటారు. ఆ ఒక్కరోజు ఆవిణ్ణి వంటింట్లోకి వెళ్ళనివ్వకండి.